నూరీ దాటని వాగు

నలభై ఏళ్ల కిందట పటాన్‌చెరు బస్టాండు వెనక సందులో పదకొండు టాంగాలు నిలబడేవి. వాటిలో ఒకటి షంషేర్‌ది. బీరంగూడ గుట్టకు పోయే భక్తులను, అంగడికి పోయే ఆడవాళ్లను, షిఫ్టు దిగి ఇస్నాపూర్ పోయే కార్మికులను ఎక్కించుకుని ఆయన పొద్దంతా తిరిగేవాడు. బడి లేని రోజుల్లో ఆయన పక్కన కాళ్లాడిస్తూ ఒక పిల్ల కూర్చునేది. ఆమె ఆయన ఒక్కగానొక్క కూతురు రషీదున్నీసా. పదేళ్లు నిండేసరికి ఆ పిల్లకు గుర్రాన్ని బండికి కట్టడం, డెక్కలో ఇరుక్కున్న రాయి తీయడం, కడుపునొప్పి వచ్చిన గుర్రాన్ని పడుకోనివ్వకుండా నడిపించడం వచ్చేశాయి.

షంషేర్ బడికి పోయినవాడు కాడు. గుర్రం చదువు మాత్రం బాగా చదివాడు.

"బిడ్డా, గుర్రం నోటితోని చెప్పదు. ముందుగాల చెవులతోని చెప్తది, ఆనక ముక్కుతోని, ఆఖరుకు కాళ్లతోని. కాళ్లతోని చెప్పేదాక సూస్కుంట కూసున్నవనుకో, నువ్వు కింద పడ్డట్టే" అని నవ్వేవాడు.

తర్వాత షేర్ ఆటోలు వచ్చాయి. సందులో టాంగాలు ఏడయ్యాయి, మూడయ్యాయి, చివరికి షంషేర్‌ది ఒక్కటే మిగిలింది. ఒక శుక్రవారం నమాజు అయ్యాక ఆయన గుర్రాన్ని సదాశివపేట అంగడికి తోలుకుపోయి, ఒట్టి కళ్లెం భుజాన వేసుకుని బస్సులో తిరిగొచ్చాడు. మర్నాటి నుంచి ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాదారయ్యాడు. ఆ రోజు తర్వాత రషీదున్నీసా గుర్రాన్ని తాకింది ముప్పై ఏళ్లకు.

ఈ మధ్యలో ఆమె బతుకు ఆ చుట్టుపక్కల అందరి బతుకులాగే సాగింది. పంతొమ్మిదో ఏట సాజిద్‌తో నిఖా అయింది. సాజిద్ గేట్లకు, కిటికీ గ్రిల్స్‌కు వెల్డింగ్ చేస్తాడు. అమీన్‌పూర్‌లో కొత్తగా లేచిన ఇళ్లలో సగం ఇళ్ల గేట్లు నావేనని ఇప్పటికీ గొప్పలు పోతాడు. ఒక కూతురు పుట్టింది, ఫర్హీన్. పిల్ల బడికి పోవడం మొదలుపెట్టాక రషీదున్నీసా ఒక మందుల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. మొదట ఖాళీ డ్రమ్ములు కడిగే పని. ఆ తర్వాత, ఎవరూ ఊహించని ఒక సుగుణం వల్ల, సాల్వెంట్లు అనే ఘాటైన రసాయనాలు నిలవచేసే గోదాములోకి మార్చారు.

ఆ సుగుణం ఆమె ముక్కు. మూత తీయకముందే డ్రమ్ములో ఏముందో చెప్పేది. పైపులో ఎక్కడైనా సన్నగా కారుతుంటే, గోడకు బిగించిన మీటరు మోగకముందే ఆమెకు తెలిసిపోయేది. షిఫ్టు మొదలవగానే సూపర్‌వైజర్ ఆమెను పైపుల పొడవునా ఒక చుట్టు తిప్పేవాడు. "మీటరుకు కరెంటు పోవచ్చు గానీ రషీదా ముక్కుకు పోదు" అనేవాడు. ఒకసారి ఆమె ఒక లీకును ముందే పసిగట్టడం వల్ల పెద్ద ప్రమాదం తప్పిందని అందరి ముందు చప్పట్లు కొట్టించారు. ఆ పూట ఆమె ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చింది.

పదిహేడో ఏడు ఒక సాయంత్రం ఆమె పొయ్యి పక్కనే కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతోంది. సాజిద్ తలుపు తోసుకుని దగ్గుతూ వచ్చాడు.

"ఏందే గిది! పాలు మొత్తం మాడినయ్. గల్లీ మొదట్లకే వాసనొస్తుంది, పక్కన కూసోని నీకు తెలుస్తలేదా?"

"ఏం వాసన?" అంది రషీదున్నీసా.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె లేచి అత్తరు సీసా తెరిచింది. కిరసనాయిలు డబ్బా తెరిచింది. చేతిలో ఉల్లిగడ్డను ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చింది. కళ్లలో నీళ్లు వచ్చాయి గానీ వాసన రాలేదు.

సంగారెడ్డిలో డాక్టరు చాలాసేపు పరీక్ష చేసి, లోపలి నరం దెబ్బతిన్నదని, ఇక తిరిగి రాకపోవచ్చని చెప్పాడు. ఆమె ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలేదు. మూడు వారాలు రోజూ పైపుల వెంట నడుస్తూ, ముక్కు ఎగబీలుస్తూ, "అంతా బరాబరుంది సార్" అంటూ నటించింది. ఇరవై రెండో రోజు ఆమెకు నిద్ర పట్టలేదు. కింద పనిచేసే మనుషుల మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పొద్దున్నే సూపర్‌వైజర్ ముందు నిలబడింది.

"సార్, ఇగ నా ముక్కు మీద భరోసా పెట్టుకోకుండ్రి. అది పోయింది. నన్ను గీడికెల్లి తీసెయ్యండ్రి."

ఆ మాట చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది. కొన్నాళ్లు ప్యాకింగ్‌లో కూర్చోబెట్టారు. అక్కడ ఆమెకు ఊపిరాడలేదు. మానేసింది.

వెలిమెల దాటాక, కొత్త విల్లాల గోడలు ఆగిపోయిన చోట, నెమలికంచ అనే అడవి మొదలవుతుంది. పదిహేను వందల ఎకరాల రక్షిత అడవి. టేకు, మోదుగ, తునికి, ఎటు చూసినా సీతాఫలం పొదలు, నడుమ రాళ్లవాగు. ఆ అడవి అంచున బాపిరాజు అనే ఆయన ఆరు గుర్రాలతో సవారీ కేంద్రం పెట్టాడు. భీమవరం వైపు మనిషి. సైన్యంలో గుర్రాల విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసి వచ్చాడు. అడవి శాఖ ఆయనకు ఒక్క దారికి అనుమతి ఇచ్చింది. పొద్దున పూట, నడక వేగంతో, గైడు వెంట ఉండాలి. పరుగు లేదు, అరుపు లేదు, జంతువు కనబడితే ఆగాలి తప్ప దాని వెంట పడకూడదు.

రషీదున్నీసా అక్కడికి గుర్రాల లాయం ఊడ్చే పనికి వెళ్లింది. మొదటి రోజు చీపురు పక్కన పెట్టి, ఎవరూ చూడకుండా ఒక గుర్రం మెడకు మొహం ఆనించి గట్టిగా ఊపిరి పీల్చింది. వాసనేమీ రాలేదు. కానీ చెంపకు వెచ్చదనం తగిలింది, చర్మం కింద కొట్టుకునే నరం తగిలింది. అలాగే చాలాసేపు నిలబడింది.

ఆ లాయంలో చివరి గదిలో నూరీ ఉండేది. తెల్ల ఆడగుర్రం. ఏడేళ్లు పెళ్లి బరాత్‌లలో బ్యాండు మేళాల మధ్య, డీజే పెట్టెల మధ్య నడిచి నడిచి బెదిరిపోయింది. బాపిరాజు జాలిపడి తెచ్చుకున్నాడు గానీ దగ్గరికి వెళ్లిన ఇద్దరిని తన్నింది. తలుపు దగ్గర ఎవరి నీడ పడినా వణికేది. రషీదున్నీసా దాని జోలికి పోలేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చుకుని ఆ గది ముందు కూర్చుని, గుర్రానికి వీపు పెట్టి, అన్నం తింటూ ఇంటి కబుర్లు దక్కనీ ఉర్దూలో చెప్పుకుంటూ పోయేది. ఫర్హీన్ పరీక్షలు, సాజిద్ కోపాలు, సందులో కుళాయి తగాదా. పదకొండో రోజు ఏదో చెబుతూ ఉండగా ఆమె భుజం మీద బరువుగా ఏదో వాలింది. నూరీ తల.

అటుగా వచ్చిన బాపిరాజు అడుగు తీసి అడుగు వేయలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇది?" అన్నాడు చివరికి, మెల్లగా.

"నేర్సుకున్నదేం లేదు సార్. మా అబ్బా టాంగా నడిపేటోడు."

ఆ సాయంత్రమే ఆయన ఆమెకు జీను కట్టడం చూపించాడు. నెల తిరిగేసరికి నూరీ మీద ఆమెను తప్ప ఎవరినీ ఎక్కనివ్వకూడదని ఆయనకు అర్థమైంది. నలభై మూడేళ్ల వయసులో రషీదున్నీసా, ఫ్యాక్టరీలో ఇచ్చిన సేఫ్టీ బూట్లు తొడుక్కుని, తలకు కట్టిన దుపట్టా మీద హెల్మెట్ పెట్టుకుని, సవారీలకు దారి చూపే గైడు అయింది.

మొదటిసారి గుర్రం మీద నెమలికంచలోకి వెళ్లిన పొద్దును ఆమె ఇప్పటికీ గొంతు తగ్గించే చెబుతుంది. అంతకుముందు పుల్లల కోసం, సీతాఫలాల కోసం ఆ అడవి అంచులకు నడిచి వెళ్లినప్పుడు ఆకు కదిలిన చప్పుడే గానీ జంతువు కనబడింది లేదు. మనిషి అడుగు వినగానే అడవి ఖాళీ అయిపోతుంది. గుర్రం మీద అలా కాదు. మోదుగ చెట్ల కింద పడుకున్న దుప్పులు తల ఎత్తి చూసి, మళ్లీ నెమరు వేసుకున్నాయి. దారికి అడ్డంగా నిలబడ్డ మనుబోతు, నూరీ దగ్గరికి వచ్చేదాకా కదలకుండా, తర్వాత బద్ధకంగా పక్కకు జరిగింది. నెమలి పురి ముడవలేదు. నాలుగు కాళ్లు చూసి అవి గుర్రాన్ని తమలో ఒకటి అనుకుంటున్నాయని, పైన ఉన్న మనిషిని లెక్కలోకి తీసుకోవడం లేదని ఆమెకు తట్టింది. గుట్ట మీదికి ఎక్కి చూస్తే ఒక దిక్కున రింగు రోడ్డు, ఫ్యాక్టరీ పొగగొట్టాలు. తను పదిహేడేళ్లు పనిచేసిన చోటు అగ్గిపెట్టెంత ఉంది. ఇంకో దిక్కున ఈ పచ్చదనం. రెండింటికీ మధ్య ఒక గోడ మాత్రమే ఉంది.

"యా అల్లా, గింత దగ్గర్ల గిదంత ఉన్నదా?" అని ఆమె పైకే అంది.

అసలు చెప్పవలసిన రోజు ఆ తర్వాత రెండేళ్లకు, ఒక అక్టోబరు నెలలో వచ్చింది. ముందు రోజు బాగా వాన పడింది. పొద్దున్నే ముగ్గురు సవారీలు వచ్చారు. నిహారిక, ఆమె భర్త సాయికిరణ్ అమీన్‌పూర్‌లో ఉంటారు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. మూడో ఆయన త్రినాథరావు, కూతురి దగ్గర ఉండటానికి శ్రీకాకుళం నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్‌మాస్టరు. ముందు నూరీ మీద రషీదున్నీసా, వెనక మూడు గుర్రాలు, అన్నిటికీ వెనక నడుస్తూ అడవి వాచర్ ఓదెలు. యాభై దాటిన మనిషి, ఆ అడవిలో ప్రతి రాయీ తెలిసినవాడు; వయసులో పెద్దే అయినా రషీదున్నీసాను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తాడు.

దారి రాళ్లవాగు వైపు దిగింది. వాగుకు ఇంకా ముప్పై అడుగులు ఉందనగా నూరీ ఆగిపోయింది.

రషీదున్నీసా మడమ తాకించింది. కదల్లేదు. దాని చెవులు రెండూ ముందుకు నిక్కబొడుచుకున్నాయి. ముక్కుపుటాలు పెద్దవయ్యాయి. పై పెదవి ఎత్తి, పళ్లు బయటపెట్టి, గాలిని లోపలికి లాగింది. మెడ వెనక చర్మం జల్లుమంది.

వెనక గుర్రాలూ ఆగాయి.

"ఏమైంది ఆంటీ?" అంది నిహారిక.

"ఆగుర్రి జెర."

ఆమె దిగి నూరీ మెడ మీద చెయ్యి వేసింది. వాగు రోజూ ఉన్నట్టే ఉంది. కొత్త నీళ్లు, కొంచెం ఎర్రగా, రాళ్ల మధ్య చప్పుడు చేస్తూ పోతున్నాయి. ఆకాశం తేటగా ఉంది.

"ఏమన్న వాసనొస్తుందా మీకు?" అని వెనక్కు తిరిగి అడిగింది.

ముగ్గురూ గాలి పీల్చారు.

"వాన పడ్డ మట్టి వాసన. బాగుంది" అంది నిహారిక.

"నాకేం రావట్లేదు. ఒక దెబ్బ వేస్తే పోతుంది కదా?" అన్నాడు సాయికిరణ్, గడియారం చూసుకుంటూ.

త్రినాథరావు కూడా విసుక్కున్నాడు. "గుర్రం మొండికేస్తే ఆదిలోనే అణచాలమ్మా. పిల్లలతో ముప్పై ఏళ్లు వేగినవాడిని, చెబుతున్నా."

బాపిరాజు నియమమూ అదే. ఒకసారి మాట నెగ్గించుకున్న గుర్రం మళ్లీ మళ్లీ ఆగుతుందని ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. కానీ రషీదున్నీసా మళ్లీ జీను ఎక్కలేదు. ఒకప్పుడు ఇలాంటి చోట తను ముక్కు ఎత్తితే నూరు మంది ఆగేవాళ్లు. ఇప్పుడు తను నిలబడ్డ చోట ఏముందో తనకే తెలియదు. ఎదురుగా ఉన్న ఈ జంతువుకు తెలుసు. దాని పక్కటెముకలు వేగంగా ఎగిసిపడుతున్నాయి.

"ఓదెలన్నా, ఒక్కసారి నీళ్ల దాక పోయి సూడు. చెయ్యి పెట్టకు."

ఓదెలు దిగి వెళ్లాడు. ఒడ్డున వంగాడు. వంగినవాడు అంతే వేగంగా లేచి, తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని, దగ్గుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఆపా, మందు వాసన! ఎవడో పైన పారబోసిండు. గొంతు మండుతుంది. చిన్న చాపలు పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయ్!"

అప్పుడే గాలి మళ్లింది. నిహారిక మొహం చిట్లించింది. "అవునండీ, ఇప్పుడు వస్తోంది. తియ్యగా, గోళ్ల రంగులాగా." ఆమె రషీదున్నీసా వైపు ఆశ్చర్యంగా చూసింది. "మాకంటే ముందే మీకెలా వచ్చింది ఆంటీ?"

"నాకు వాసన రాదు బిడ్డా. ఏ వాసనా రాదు. అది చెప్పింది."

సాయికిరణ్ మెల్లగా తన గుర్రం మెడ నిమిరాడు.

తిరిగి పోదామని గుర్రాలను మళ్లించబోతుండగా ఓదెలు ఆమె మోచెయ్యి తాకి, ఎడమ వైపు చూపించాడు. అక్కడ వాగు మలుపు తిరిగి చిన్న మడుగు కడుతుంది. ఆ పక్కనున్న టేకు చెట్లలోంచి దుప్పుల మంద బయటకు వచ్చింది. పొద్దున పూట అవి నీళ్లు తాగే చోటు అదే. ముప్పై, నలభై ఉంటాయి. మడుగుకు కొంత దూరంలో అన్నీ ఒక్కసారే ఆగాయి. ఒక్క కాలు కూడా ముందుకు పడలేదు. తలలన్నీ పైకి లేచాయి, చెవులన్నీ నీళ్ల వైపు తిరిగాయి, ముక్కులు గాలిలో కదులుతున్నాయి. ఇటు పక్క నూరీ ఎలా నిలబడి ఉందో, అటు పక్క నలభై దుప్పులు సరిగ్గా అలాగే నిలబడి ఉన్నాయి. చెట్ల మీద ఒక్క పిట్ట కూయడం లేదని కూడా అప్పుడే వాళ్లకు తెలిసింది. అడవి మొత్తం ఊపిరి బిగబట్టి ఆ నీళ్లను చూస్తోంది. తెలియనిది మనుషులకే.

త్రినాథరావు హెల్మెట్ తీసి చేత పట్టుకున్నాడు, ఎందుకో ఆయనకూ తెలియదు.

ఆ నిశ్శబ్దంలో ఒక కూన మందను విడిచింది. సన్నటి కాళ్ల మీద, గెంతుతూ, మడుగు వైపు నాలుగడుగులు వేసింది. తల్లి కాబోలు, దాని వెనకే ఇంకో దుప్పి కదిలింది. దాహం వేసినట్టుంది. ఒకటి కదిలితే అన్నీ కదులుతాయి.

రషీదున్నీసా త్రినాథరావు వైపు తిరిగింది. "సార్, మీరు పెద్దోళ్లు. వీళ్లను సూస్కోండ్రి. ఎవ్వరు గుర్రం దిగొద్దు, ఈడికెల్లి కదలొద్దు."

"నువ్వు వెళ్లమ్మా. నేను చూసుకుంటాను" అన్నాడాయన.

ఆమె జీను మీదికి ఎక్కింది. పరుగు లేదు, అరుపు లేదు, వెంట పడకూడదు. మూడు నియమాలూ గుర్తున్నాయి. ఆమె ముందుకు వంగి నూరీ చెవిలో "చల్ బేటీ" అంది.

తొమ్మిదేళ్ల వయసులో ఒకసారి, తండ్రి చూడకుండా, బండి విప్పిన గుర్రం మీద దౌడు తీసింది. ఆ తర్వాత మళ్లీ ఇప్పుడే. నూరీ మొదటి మూడు అంగల్లోనే గాలయిపోయింది. రాళ్ల మీద నాడాలు టకటకలాడాయి. ఆమె మడుగుకూ మందకూ మధ్యలోకి దూసుకెళ్లి, హెల్మెట్ కింది నుంచి దుపట్టా లాగి ఊపుతూ, గొంతు చించుకుని అరిచింది. కూన ఎగిరి వెనక్కు తిరిగింది. మంద ఒక్క ఉదుటున మళ్లి ఎత్తు మీదికి పరుగు తీసింది. ఎత్తు మీద పైకుంట ఉంది, వాన నీళ్లు నిలిచే కుంట, వాగుతో సంబంధం లేనిది. మంద పక్కకు చీలి మళ్లీ కిందికి దిగకుండా ఆమె ఎడమ అంచు పట్టుకుని తరిమింది.

తరిమింది అనడం మొదట్లోనే నిజం. నూరు గజాలు పోయాక ఏదో మారింది. దుప్పులు ఆమె నుంచి పారిపోవడం మానేశాయి. ఆమె కుడి పక్క కొన్ని, ఎడమ పక్క కొన్ని, ముందు కొన్ని, అన్నీ నూరీతో కలిసి ఒకే దిక్కుకు పరుగెత్తుతున్నాయి. తెల్ల చుక్కల వీపులు వరదలా ఎగిసిపడుతున్నాయి. ఒక పెద్ద పోతు దుప్పి కొమ్ములు ఆమె మోకాలి పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా ఉన్నాయి. దాని కన్ను ఆమె వైపు ఒకసారి తిరిగింది. అందులో భయం లేదు. దాని ఊపిరి వినబడుతోంది. ఎవరి ఊపిరి ఏదో తెలియడం లేదు. రషీదున్నీసా అరవడం ఎప్పుడో ఆపేసింది. దుపట్టా ఎక్కడో జారిపోయింది. తను ఎవరో, ఎక్కడి మనిషో ఆ కాసేపు ఆమెకు గుర్తు లేదు.

పైకుంట దగ్గర నూరీ తనంతట తానే ఆగింది. మంద యాభై అడుగుల దూరంలో, ఆయాసపడుతూ నిలబడింది. నూరీ మెడ చాచి నీళ్లను వాసన చూసింది. తర్వాత మూతి ముంచి, గటగటా తాగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

పోతు దుప్పి ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు. తర్వాత అది తల వంచింది. దాని వెనక ఒక్కొక్కటే, కూనతో సహా, అన్నీ కుంట చుట్టూ చేరి తల వంచాయి. గుర్రం, దుప్పులు ఒకే కుంటలో నీళ్లు తాగుతుంటే, వాటి మధ్య జీను మీద కూర్చున్న రషీదున్నీసా కదిలితే ఎక్కడ చెదిరిపోతాయో అని ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది. ఆమె చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. నూరీ తాగింది కనుకే అవి నమ్మి తాగాయని ఆమె అంటుంది. దాహం వేస్తే అవే తాగుతాయని ఓదెలు అంటాడు. ఈ వాదం వాళ్లిద్దరి మధ్య ఇప్పటికీ తేలలేదు.

ఆమె దిగి వచ్చేసరికి సవారీలు ముగ్గురూ అక్కడే కదలకుండా ఉన్నారు. ఓదెలు అప్పటికే అధికారులకు ఫోన్ చేసి, వాగు వెంట పైకి వెళ్లాడు. అడవి గోడ కూలిన చోట, రోడ్డు పక్కన, ట్యాంకర్ చక్రాల జాడలు, బురదలో పైపు ఈడ్చిన గీత కనబడ్డాయి. రాత్రి వానలో ఎవరో వచ్చి వాగులోకి ఖాళీ చేసి పోయారు. పది గంటలకల్లా మడుగు మీద చేపలు తెల్లగా తేలాయి.

లాయం దగ్గర బాపిరాజు మండిపడ్డాడు. "ముగ్గురు సవారీలను అడవిలో వదిలేసి దౌడు తీస్తావా? వాళ్లలో ఎవరైనా పడితే? నూరీ కాలు విరిగితే? ఇన్నాళ్లూ నీకు నేర్పిందేమిటి?"

"తప్పే సార్" అంది రషీదున్నీసా.

ఆయన లాయంలోకి వెళ్లి, నూరీ కాళ్లు నాలుగూ తడిమి, డెక్కలు చూసి, బయటకు వచ్చాడు.

"ఎన్ని దుప్పులు?"

"నలబై దాక ఉంటయ్."

"నీ పక్కనే పరుగెత్తాయా?"

"చెయ్యి పెడితే అందేటట్టు సార్."

బాపిరాజు అడవి వైపు తిరిగాడు. "ఇరవై ఆరేళ్లు గుర్రాల మీద బతికాను. నాకు ఒక్కరోజు కూడా అలాంటిది దక్కలేదమ్మా" అన్నాడు. ఆ రోజు నూరీకి దాణా ఆయనే కలిపాడు.

నెల రోజులు సవారీలు ఆపేశారు. ఆ నెలంతా రేంజ్ ఆఫీసరు కోరిక మీద రషీదున్నీసా పొద్దున, సాయంత్రం వాగు ఒడ్డున నూరీ మీద తిరిగింది. జంతువులు నీళ్ల వైపు వస్తే అడ్డం నిలబడి కుంట వైపు మళ్లించేది. రెండు నెమళ్లు, ఒక కుందేలు, లెక్కలేనన్ని చేపలు పోయాయి. దుప్పి ఒక్కటి కూడా పోలేదు. విల్లాల గేటు కెమెరాలో ట్యాంకర్ నంబరు దొరికి డ్రైవరును పట్టుకున్నారు. పంపినవాళ్లెవరో తేల్చే కేసు ఇంకా నడుస్తూనే ఉంది. కూలిన గోడ మాత్రం కట్టారు.

కేసు కోసం సంగారెడ్డిలో ఆమె వాంగ్మూలం తీసుకున్నారు. రాసుకుంటున్న గుమాస్తా తల ఎత్తి, "నీళ్లల్ల మందు కలిసిందని మీకు ఎట్ల తెలిసిందమ్మా?" అని అడిగాడు.

"నాకు తెలువలే సార్. గుర్రానికి తెలిసింది."

గుమాస్తా కలం ఆపి అధికారి వైపు చూశాడు. అధికారి నవ్వలేదు. "ఆమె చెప్పినట్టే రాయి" అన్నాడు. ఆ కాగితంలో నూరీ అనే తెల్ల ఆడగుర్రం పేరు ఉంది.

సవారీలు మళ్లీ మొదలయ్యాక వాగు దాకా వెళ్లి వెనక్కు వచ్చేవాళ్లు. పరీక్ష చేసేవాళ్లు నీళ్లు తేటపడ్డాయన్నారు. నూరీ ఒప్పుకోలేదు. చలికాలం గడిచింది, ఎండాకాలంలో వాగు ఎండి రాళ్లు తేలాయి, జూన్‌లో మళ్లీ పారింది. ప్రతిసారీ అది ఆ ముప్పై అడుగుల దగ్గరే ఆగేది. రషీదున్నీసా ఒక్కసారి కూడా మడమ తాకించలేదు. సవారీలు విసుక్కుంటే, "అది ఎప్పుడు పోదామంటే అప్పుడే" అనేది.

జూలై నెలాఖరులో ఒక పొద్దున, మూడు రోజుల ముసురు తెరిపిచ్చాక, నూరీ ఎప్పటిలాగే అక్కడ ఆగింది. చెవులు ముందుకు వచ్చాయి. ముక్కు ఎత్తి గాలి పీల్చింది, చాలాసేపు. తర్వాత మెడ దించి నడిచింది. ఒడ్డు దిగి, రాళ్ల మధ్య మోకాలి లోతు నీళ్లలోకి వెళ్లి, వాగు నడుమ నిలబడి మూతి ముంచింది. వెనక గుర్రాలు మూడూ ఒకదాని వెంట ఒకటి దిగి దాని పక్కన చేరాయి. రషీదున్నీసా కళ్లెం వదిలేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, అది తాగడం అయ్యేదాకా కూర్చుంది.